పులిపిరులు - పెండ్లిచూపులు

సాహిత్యమును గూర్చియు సంఘమును గూర్చియు పెద్ద మాటలు చదువవలెనని ఈ పత్రికను చేతబట్టిన చదువరులు, పులిపిరికాయను గూర్చిన వ్యాసమును చూచి నవ్వుకొందురేమో. నవ్వవచ్చును. పులిపిరి చిన్న వస్తువే. మినపగింజంత యుండును, తఱచుగా నొప్పియైనను పెట్టదు. కాని ఆ మినపగింజను పోగొట్టుటకై మన యిండ్లలో జరుగుచున్న పని చిన్నది కాదు. ఆ పనిలో నాకును భాగము కలదు. అందువలననే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

రెండేండ్ల క్రిందటి సంగతి. మా బడిలో పదవ తరగతి వఱకు చదివి, తరువాత పట్టణమునకు పోయి డిగ్రీ ముగించిన యొక పిల్ల కలదు. ఆమె కుడిచేతి వ్రేళ్లమీద నాలుగు పులిపిరులును, గడ్డము క్రింద నొకటియు ఉండెడివి. పెండ్లిచూపులు పది దినములలో నున్నవనగా ఆమె తండ్రి నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మీరు సంస్కృతం చదువుకున్నవారు. నల్లజీడి రసం పెడితే పులిపిర్లు రాలిపోతాయని మా వదినగారు అంటున్నారు. మన శాస్త్రాల్లో ఉందంటారా?" అని యడిగెను. శాస్త్రమను మాట చెవిని పడగానే బడిపంతులకు సహజమైన యుత్సాహము నన్ను పట్టుకొన్నది. "ఉండకేమండీ! భల్లాతకమంటే అదే. చరకుడు దాన్ని అమృతంతో పోల్చాడు" అంటిని. ఆయన సంతోషించి వెడలిపోయెను.

చరకుడు చెప్పినదానిలో నేను సగమే చెప్పితిని. నల్లజీడి తీక్ష్ణమైనదనియు, పుండు పుట్టించునదనియు, అగ్నితో సమానమైనదనియు ఆయన ముందుగా చెప్పెను. విధిప్రకారము వాడినప్పుడు మాత్రమే అది అమృతమువంటిదని పిమ్మట చెప్పెను. అదియు రసాయన ప్రకరణములో, లోపలికి పుచ్చుకొను మందును గూర్చి చెప్పిన మాటయే కాని, పులిపిరిమీద పూయుడని చెప్పిన మాట కాదు. మొదటి సగమును నేను మింగివైచితిని. అది మూడవనాటికి ఆ పిల్ల చేతిమీద బయటపడెను. వ్రేళ్లు వాచి బొబ్బలెక్కి రసికారెను. గడ్డము క్రిందనుండి మెడవఱకు చర్మము కమిలిపోయెను. రెండు వారములు ఆసుపత్రి చుట్టు తిరిగిరి. పెండ్లిచూపులు వాయిదా పడెను. పుండ్లు మానినతరువాత నల్లని మచ్చలు మిగిలెను. వాని ప్రక్కనే యొక పులిపిరి మరల మొలచెను. తుదకు చూడవచ్చినవారు, "ఆ మచ్చ లేమిటి?" అని యడిగి, ఇంటికి పోయి జాబు చెప్పక యూరకుండిరి.

కొన్నాళ్లకు ఆ పిల్ల ఏదో కాగితముమీద సంతకమునకై మా యింటికి వచ్చినది. సంతకము పెట్టితిని. పోవుచు గుమ్మముకడ నిలిచి, "మాస్టారూ, ఏమీ పెట్టకుండా ఊరుకుంటే అవి వాటంతటవే పోయేవా?" అని యడిగినది. నాకు నోట మాట రాలేదు. ఆనాడు చెప్పవలసి చెప్పలేకపోయిన మాటలే ఈ వ్యాసము.

మొదట, పులిపిరి యననేమి? చుక్కలు లెక్కపెట్టినచో పులిపిరులు మొలచునని మా నాయనమ్మ చెప్పెడిది. కప్పను ముట్టినచో వచ్చునని పొరుగింటివారు చెప్పెడివారు. నేను చిన్నతనమున రెండు పనులును చేసితిని; నాకు రాలేదు. ఏ పనియు చేయక బుద్ధిగా గదిలో కూర్చుండి చదువుకొన్న మా అన్నయ్యకు వచ్చినవి. 1907వ సంవత్సరమున ఇటలీ దేశపు వైద్యుడు చుఫ్ఫో యనునతడు పులిపిరిని నూఱి, ఆ రసమును సూక్ష్మక్రిములు సైతము దూరలేని జల్లెడగుండ వడగట్టి, ఆ తేటను చర్మములోనికి ఎక్కించి చూచెను. అక్కడ పులిపిరి మొలచెను. సూక్ష్మక్రిమికంటె చిన్నదైన వైరసు దీనికి కారణమని అప్పుడు తేలినది. ఈ వైరసు జాతిలో రెండువందలకు పైగా రకములున్నవని నేడు తెలిసియున్నది. చేతులమీదను కాళ్లమీదను మామూలు పులిపిరులను పుట్టించునవి వేఱు. స్త్రీలకు గర్భాశయ ముఖద్వారమున క్యాన్సరు కలిగించునవి వేఱు. కావున వ్రేలిమీద పులిపిరిని చూచి బెదరిపోవలసిన పనిలేదు. చర్మమున కంటికి కనబడని గీతలద్వారా ఈ వైరసు లోనికి పోవును. గోళ్లు కొఱుకుకొనువారికి గోళ్లచుట్టును, తడినేలమీద వట్టికాళ్లతో తిరుగువారికి అరికాళ్లలోను సులభముగా వచ్చును. సోకిన కొన్ని నెలలకు గాని పైకి కనబడకపోవచ్చును. చుక్కలకును కప్పలకును దీనితో సంబంధము లేదు.

ఇక మన మందుల సంగతి. వెల్లుల్లి, ఉల్లి, ఆముదము, అరటితొక్క, జిల్లేడుపాలు, జెముడుపాలు, నల్లజీడి, సున్నము, బట్టలసోడా, అగరువత్తి నిప్పు, గుఱ్ఱపు వెండ్రుక, దేవునికి ఉప్పు మిరియముల ముడుపు. ఒకదానితో నొకదానికి పోలిక యున్నదా? అరటితొక్కలో లేని గుణము సున్నములో నున్నది. సున్నములో లేని గుణము ముడుపులో నున్నది. అయినను ఇన్నిటికిని ఒకే కీర్తి: "మావాడికి పెట్టాం, పోయింది." ఒకే తాళమునకు పండ్రెండు చెవులు పట్టినవని యెవడైనను చెప్పినచో మనము చెవులను మెచ్చుకొందుమా, తాళము గొళ్లెము ముందే యూడియున్నదేమోయని చూతుమా?

గొళ్లెము నిజముగానే యూడియున్నది. 1963వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక ప్రసిద్ధ పరిశీలనలో, ఏ మందును వేయకుండ పిల్లల పులిపిరులను రెండేండ్లు కనిపెట్టి చూచిరి. మూడింట రెండుపాళ్లు వానంతటవే మాయమైనవి. పెద్దవారిలో ఇంకను ఆలస్యము కావచ్చును. కొందఱిలో మొండికెత్తి యేండ్లకొలది నిలువవచ్చును. మొత్తముమీద పులిపిరికి తుదివైద్యుడు శరీరమే. లోపల దాగియున్న వైరసును శరీరము యొకనాడు గుర్తుపట్టును. గుర్తుపట్టిన కొలదినాళ్లకు పులిపిరి యెండి రాలిపోవును. ఆ వారములో మనము వ్రేలికి ఏది రాచియుంటిమో దానికి బిరుదు దక్కును. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఏకకాలమున జరిగినచో కాకియే పండును పడగొట్టెనని తలచుటను మన పూర్వులు కాకతాళీయమనిరి. న్యాయశాస్త్రము చదివినవారికి మాత్రమే కాదు, ఊరి పిల్లలకును తెలిసిన మాట యిది. కాని పులిపిరి దగ్గఱకు వచ్చుసరికి మనకు కాకులన్నియు ధన్వంతరులే.

ఇది మనకొక్కరికే కలిగిన బుద్ధిమాంద్యము కాదు. ఇంగ్లండు దేశపు ఫ్రాన్సిస్ బేకన్ పదునాఱేండ్ల ప్రాయమున పారిసులో నుండగా నెలదినములలో అతని చేతులనిండ నూఱు పులిపిరులు లేచినవట. రాయబారి భార్య పందికొవ్వు ముక్కతో వానిని రుద్ది, ఆ ముక్కను దక్షిణపు కిటికీకి ఎండ తగులునట్లు మేకుతో కొట్టెనట. అయిదు వారములలో అన్నియు పోయినవి. చిన్ననాటినుండి వ్రేలిని పట్టుకొని యున్నదియు వానితో పోయినది. అతడు చనిపోయిన మఱుసటియేట, 1627లో, అచ్చైన సిల్వా సిల్వారమ్ అను గ్రంథమున ఈ కథ కలదు. క్రొత్తవి పోయినందుకు తనకంత వింత తోచలేదనియు, పాతది పోవుటయే మనసులో నాటుకొన్నదనియు అతడు వ్రాసెను. ఇప్పటివారు దానికి కారణము చెప్పగలరు: శరీరము ఒక పులిపిరిని గుర్తుపట్టినప్పుడు తక్కినవానినిగూడ గుర్తుపట్టును, తఱచుగా అన్నియు కలిసి పోవును.

ఆ బేకనే 1620 నాటి నోవమ్ ఆర్గనమ్‌లో మఱియొక పాతకథను చెప్పెను. ఓడ మునుగగా మ్రొక్కుకొని బ్రతికి బయటపడినవారి పటములను గుడిలో వ్రేలాడదీసి, "ఇప్పుడైనను దేవుని మహిమను ఒప్పుకొందువా?" అని యొక సందేహశీలు నడిగిరట. "మ్రొక్కుకొని మునిగిపోయినవారి పటము లెక్కడ?" అని యతడు తిరిగి యడిగెనట. నేడు మన సెల్‌ఫోనులలో ప్రతిదినము వచ్చు చిట్కాలు ఆ గుడిగోడమీది పటములే. పోయినవారు గొప్పగా చెప్పుకొందురు. కాలినవారు కొంగుక్రింద చేయి దాచుకొందురు. మా పిల్ల పటము ఏ ఫోనులోను లేదు.

అయితే అన్ని చిట్కాలను ఒకేగాట కట్టుట న్యాయము కాదు. అరటితొక్క రాచుకొనువారితో నాకు తగవు లేదు. ముడుపు కట్టువారితోను లేదు. ఆ ముడుపు శరీరమునకు ఆరు నెలల గడువిచ్చినచో అది మంచి వైద్యమే. నా తగవు కాల్చు మందులతోను కోయు చేతులతోను. సున్నమును బట్టలసోడాను తడిపి కలిపినప్పుడు కాస్టిక్ సోడా పుట్టునని మా బడిలో రసాయనశాస్త్రము చదువు పిల్లలకు తెలియును. మూసికొనిపోయిన మురుగుగొట్టములను తెఱచుటకు వాడు వస్తువు అది. దానిని బిడ్డ వ్రేలిమీద పెట్టి గుడ్డ కట్టుచున్నాము. పచ్చి వెల్లుల్లిని రాత్రియంతయు కట్టి యుంచినను చర్మము బొబ్బలెక్కును. జిల్లేడుపాలు వ్రేలినుండి కంటికి అంటినచో కంటి పైపొర వాచి చూపు మసకబారును. మొదట నొప్పి తెలియకపోవుట చేత జనులు ఆలస్యము చేయుదురు. నల్లజీడి సంగతి చెప్పనే చెప్పితిని.

గుఱ్ఱపు వెండ్రుక కీర్తికి వేఱొక కారణమున్నది. మెడమీదను చంకలలోను సన్నని కాడతో వ్రేలాడు మెత్తని తోలుబొడిపెలు కొందఱికి ఉండును. అవి పులిపిరులు కావు. వాని కాడకు వెండ్రుక బిగించినచో నెత్తురాగి యెండి రాలును. ఆ కీర్తిని నమ్మి, కాడ లేక చర్మమున కూరుకొనియున్న నిజమైన పులిపిరికి వెండ్రుక బిగించినచో పై చర్మము తెగును, నెత్తురు కారును, చీము పట్టును, వైరసు ప్రక్కకు ప్రాకును. అరికాలి ఆనెను పులిపిరియనియు, పుట్టుమచ్చను పులిపిరియనియు పొరపడువారును కలరు. రంగు మాఱుచు, పెరుగుచు, నెత్తురు కారుచున్న మచ్చను, అందును అరికాలనో గోటిక్రిందనో నున్నదానిని, చూచినవెంటనే వైద్యునికి చూపవలెను. అది చర్మపు క్యాన్సరు కావచ్చును. దానిని సున్నముతో కాల్చినచో కాలునది రోగము కాదు; గుర్తు. మధుమేహము గలవారు కాలిమీది పులిపిరిని తామై గీకుకొనుటయు కాల్చుకొనుటయు ప్రాణముతో చెలగాటమే.

"ఇంగ్లీషు చదివి మన పూర్వుల వైద్యమును నిందించుచున్నావు" అని కొందఱు నన్ననవచ్చును. అయ్యలారా, పూర్వులను నిందించుచున్నది నేను కాను. సుశ్రుతుడు మశకమని పేరిడి వర్ణించినది, నొప్పిలేక, గట్టిదై, మినపగింజవలె నల్లగా నుబ్బియుండునది, మన పులిపిరికి దగ్గఱగానే యున్నది. దానిని శస్త్రముతో కోసి, క్షారముతోనో అగ్నితోనో యుక్తిగా, మెల్లమెల్లగా కాల్చుమని ఆయన చెప్పినమాట నిజమే. కాని క్షారమును గూర్చియే ఆయన యొక యధ్యాయము వ్రాసెను. మృదువు, మధ్యమము, తీక్ష్ణము అని దానిని మూడు తరగతులుగా విభజించెను. మర్మస్థానములమీద, సంధులమీద, గోళ్లసందున, మాంసము తక్కువైన చోట్ల వాడవలదనెను. వ్రేళ్ల కణుపులకంటె మాంసము తక్కువైన చోటు మఱి యెక్కడనున్నది? అల్పబుద్ధి వాడిన క్షారము విషముతోను, అగ్నితోను, శస్త్రముతోను, పిడుగుతోను సమానమై మృత్యువువంటి దగునని ఆయనయే హెచ్చరించెను. ఆ యధ్యాయమును చదువక, ఆ చేతిపని నేర్వక, ఆయన పేరు మాత్రము వాడుకొనుట భక్తి కాదు. ఈ తప్పు నేను చేసితిని గనుక చెప్పుచున్నాను: సగము శ్లోకము తెలిసిన పంతులు, శ్లోకమే తెలియని పామరునికంటె ఎక్కువ కీడు చేయును. పామరుని మాటను సందేహించువారుందురు. పంతులుమాటను సందేహించువారు లేరు.

"మూలికలలో శక్తి లేదా?" అని మఱికొందఱు. ఉన్నది; అందువలననే భయము. విల్లోచెట్టు పట్టలోని మందుగుణమును వెదకుచు పోయినవారికి దొరకినదే సాలిసిలిక్ ఆమ్లము. నేడు పులిపిరులకు ఎక్కువ పరీక్షలలో నిలిచిన మందు అదియే. కాని దానిని కొలిచి, నూటికి ఇంతయని సీసామీద వ్రాసి యమ్ముచున్నారు. నల్లజీడికి ఆ కొలత లేదు. ఒక కాయకును ఒక కాయకును, ఒక చర్మమునకును ఒక చర్మమునకును తేడా కలదు.

"వైద్యులయొద్దకు పోవుటకు అందఱికిని డబ్బున్నదా?" అను ప్రశ్న న్యాయమైనది. ఊరకుండుటకు కాసైనను ఖర్చు లేదు. ఊరకుండలేనివారు మందుల దుకాణములో సాలిసిలిక్ ఆమ్లపు మందును కొనవచ్చును. అది పెద్ద ఖరీదు కాదు. పులిపిరిని గోరువెచ్చని నీట నానబెట్టి, మెత్తబడిన పై చర్మమును మెల్లగా అరగదీసి, చుట్టునున్న మంచి చర్మమునకు తగులకుండ మందు పూయవలెను. దినదినము, పండ్రెండు వారముల వఱకు. అరగదీసిన వస్తువును మఱొకరు వాడరాదు. ముఖముమీదను మర్మావయవములమీదను ఈ మందు కూడదు. మధుమేహులు వైద్యుని యడుగక వాడరాదు. చర్మవైద్యులు సున్నకు నూటతొంబదియాఱు డిగ్రీలు తక్కువ చల్లనైన నైట్రోజను ద్రవముతో పులిపిరిని గడ్డకట్టింతురు; దానికి కొన్ని మాఱులు పోవలసివచ్చును. ఈ రెండును తప్పక పనిచేయునని నేను చెప్పను. వీనికిని లొంగని పులిపిరులున్నవి. పది దినములలో పోగొట్టెదనని చెప్పువాడు వైద్యుడైనను, వదినగారైనను, వానిని నమ్మవలదు.

పది దినములు! అసలు రోగము ఇక్కడనున్నది. మా అన్నయ్య చేతిమీద పులిపిరులు మూడేండ్లుండెను. ఆ చేతితోనే పరీక్షలు వ్రాసెను, ఉద్యోగములో చేరెను, పెండ్లిపీటలమీద కూర్చుండెను. వధువు తరపువారిలో నొకరును అతని వ్రేళ్లను పట్టి చూడలేదు. మగవాని పులిపిరికి కాలము వైద్యము చేయును. ఆడపిల్ల పులిపిరికి మాత్రము కాలమీయము. చూపులకు తేదీ కుదిరినది మొదలు ఇంటిలోని పెద్దలందఱును ఆమె ముఖమును, చేతులను, మెడను బేరమునకు పెట్టిన వస్తువువలె వెదకి చూతురు. చదువు కనబడదు, గుణము కనబడదు, మినపగింజ కనబడును. ఆమె యిష్టము నెవరైన నడిగిరా? ఆ నల్లజీడి పెట్టునాడు, "మంటగా ఉంది, కడిగేస్తాను" అని ఆ పిల్ల యన్నదట. "ఓర్చుకో, నీ మంచికే" అనిరట. ఆ మంచి యేదో ఆమె చేతిమీద నేటికిని ఉన్నది.

సోదరీమణులారా, మీ యిండ్లలో ఈ మందులు మీ చేతులమీదుగానే నడచుచున్నవి. మీరు ప్రేమతోనే పెట్టుచున్నారు, నేను కాదనను. బిడ్డ వ్రేలిమీద పులిపిరి కనబడినప్పుడు గోళ్లు కొఱుకవలదని చెప్పుడు, తువ్వాలు వేఱుగా నుంచుడు, గీకనీయకుడు. పెండ్లిచూపుల తేదీ దగ్గఱపడినచో తేదీని మార్చుకొనుడు, లేదా పులిపిరితోనే కూర్చుండబెట్టుడు. దానిని చూచి లేచిపోవు సంబంధము పోయినచో నష్టమెవరికి? వరుని తల్లిదండ్రులారా, మీకును ఒక మాట. మీ కుమారుని చేతులను ముందు చూచి, పిమ్మట పరుల పిల్ల చేతులను చూడుడు.

రజకులు నల్లజీడి రసముతో బట్టలకు గుర్తు పెట్టెడివారు. ఎన్ని ఉతుకులుతికినను ఆ గుర్తు పోదు గనుకనే దానిని వాడిరి. గుడ్డమీద పోని గుర్తును ఆడపిల్ల చేతిమీద పెట్టుటకు, శాస్త్రములో నున్నదని నేను అనుమతి యిచ్చితిని. ఆ పిల్ల నేడు ఉద్యోగము చేసికొనుచున్నది. గడ్డముక్రింది మచ్చ కొంత తగ్గినదట. మొన్న కనబడినప్పుడు ఆనాటి ప్రశ్నకు జాబు చెప్పితిని: "పోయేవేమోనమ్మా. తొందరపడింది మేమే."